ఎంగిలి ఫ్లాపీ

"అంటే దానికి రోగం తగిలిందా?" శకుంతల చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది.

"రోగమే అనుకో," అంది పద్మ. మధ్యాహ్నమే సుబేదారి నుంచి ఇంటికొచ్చేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మా సెంటర్ల నాలుగు కంప్యూటర్లకూ తగిలింది. వైరస్ అంటరు. పని లేనోడెవడో రాసి వదిలిన ప్రోగ్రామే అది. నేర్చుకోను వచ్చేటోళ్ళు ఆటల ఫ్లాపీలు తెస్తరు గద. ఆట నడపంగనే అది లేచి మిషన్ల కూసుంటది. ఇగ ఏ ప్రోగ్రాం నడిపితే దాని ఫైలుకు అతుక్కుంటది. ఇంకో ఫ్లాపీ పెడితే దాంట్లకెక్కుతది. ఆ ఫ్లాపీ ఇంకో మిషన్ల పెడితే దానికి. పైకేం కనబడది. ఫైలు జర ఉబ్బుతది, అంతే."

శకుంతల చదువు ఏడో క్లాసుతో ఆగింది. అయినా ఇది మాత్రం ఇట్టే అర్థమైంది. ఒకరి నోట్లో పెట్టింది తీసి ఇంకొకరి నోట్లో పెట్టడం.

"ఎంగిలి," అంది ముఖం చిట్లించి. "ఛీ."

"అచ్చం ఎంగిలే అమ్మా."

శకుంతల చేట పక్కకు జరిపింది. కట్టుకున్న మొగుడు తాగిన గ్లాసైనా కడగనిదే ముట్టని మనిషి.

"సరే, ఆ ఎంగిలికి నువ్వెందుకు ఏడుస్తున్నవు?"

"బావ ఇచ్చిన ఫ్లాపీ కూడ పాడైంది."

బావ అంటే మల్లికార్జున్, శకుంతల అన్న కొడుకు. తాను పనిచేసే ఆ సెంటర్లోనే పద్మను పనిలో పెట్టించిందీ అతనే. ఆదివారం ఇంటికొచ్చాడు. పద్మ వంటింట్లో చాయ్ పెడుతుంటే ముందు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దవడ నిండా జర్దా పాన్. "సెంటర్ ప్రోగ్రాములన్నీ దీంట్ల ఎక్కించిన అత్తా. మచ్చ లేని ఫ్లాపీ. మిషన్లకు ఏమన్నయినా దీంతోనే మళ్ళ బతికిచ్చుకోవాలె. ఇంట్ల భద్రంగ పెట్టున్రి," అన్నాడు.

శకుంతల ఫ్లాపీని చూస్తేగా. ఆ నోటినే చూస్తోంది. ఏ పని చేసినా వాడికి నాలుక కావాలి. కాగితం తిప్పినా నాలుకే, కవరు అంటించినా నాలుకే. ఎర్రగా, తడిగా, కుక్క నాలుక లాగా. సొంత మేనల్లుడై ఊరుకుంది గానీ, వాడటు పోగానే గ్లాసు చింతపండు పెట్టి తోమింది. కుర్చీ చేతులు తుడిచింది. వాడి ఎంగిలి తగిలిన చోటల్లా శుభ్రం చేస్తే గానీ ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు.

"పొద్దుగాల ఆ ఫ్లాపీ పట్టుకపోయిన," అంది పద్మ. "సార్ కంగారుల కవర్లకెంచి తీసి, రోగమున్న మిషన్లనే పెట్టిండు. దానికీ ఎక్కింది. ఇంట్ల నువ్వన్న పాడు చేసి ఉండాలె, లేకుంటే మల్లికార్జునే సరిగ ఇచ్చి ఉండడు, సాయంత్రంలోగ తేలాలె, ఇద్దర్ల ఒకరు రేపటి సంది రావొద్దు అన్నడు."

శకుంతల కళ్ళ ముందు అన్నీ గిర్రున తిరిగాయి. పోలీసులు. పేపర్లో పిల్ల ఫొటో. ఇంకెవరూ పని ఇవ్వరు. ఆలోచించలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని పిల్లను వెంటబెట్టుకుని రిక్షా ఎక్కింది.

సెంటర్ మెట్ల గోడ నిండా పాన్ ఉమ్ములు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది. చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయట. లోపలేమో మల్లికార్జున్, దవడలో పాన్‌తో.

"ఈ ఫ్లాపీకి వైరస్ ఎక్కకుండ ముందే చెయ్యాల్సిన పనొకటి ఉంటదమ్మా," అన్నాడు రాజేశ్వర్ రావు. సెంటర్ ఆయనదే. "అది జరగలే."

"చేసిన సార్," అన్నాడు మల్లికార్జున్. "అత్త ఇంట్లనే చేసిన, అత్త ముంగటనే. అత్తా, నువ్వు చూసినవు గద, నేను..."

"నేను చూసింది నీ ఎర్ర నాలుక." శకుంతల అతన్ని ముగించనివ్వలేదు. "సార్, వీడు నా అన్న కొడుకే. అయినా చెప్త. నోరు శుభ్రం లేదు, చెయ్యి శుభ్రం లేదు. ఈ మెట్ల మీద ఉమ్మింది గూడ వీడే అయ్యుంటడు. నా బిడ్డ ఇయ్యాల పొద్దుగాల దాక ఆ ఫ్లాపీని బీరువలకెంచి తియ్యనే లేదు. నా ఇంట్ల ఎంగిలి అన్నది ఉండది. ఎవరినన్న అడుగున్రి."

రాజేశ్వర్ రావు మల్లికార్జున్ వైపు చూశాడు. తర్వాత అతని పెదవి చివర కారుతున్న ఎర్రటి చారను చూశాడు. ఆయన ముఖం కూడా ముడుచుకుంది.

"రేపటి సంది రాకు," అన్నాడు.

మల్లికార్జున్ నోరు తుడుచుకున్నాడు. "సరే అత్తా," అని చెప్పులు వెతుక్కుని మెట్లు దిగాడు.

ఇంటికొచ్చాక శకుంతల కాళ్ళు కడుక్కుంది, రెండుసార్లు. పిల్ల పని నిలబడింది. వదినె నెల రోజులు మాట్లాడదు, మాట్లాడకపోనీ. పద్మ మాత్రం పాడైన ఫ్లాపీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బావ మర్చిపోయేటోడు కాదమ్మా."

"ఇంతకూ ఏం మర్చిపోయిండే వాడు?"

"పెద్ద పనేం కాదు." పద్మ ఫ్లాపీ అంచు చూపించింది. అక్కడ వేలి గోరంత గంటు ఉంది. "ఈ గంటు మూసి ఉంటే మిషన్ దీంట్ల ఏం రాయలేదు. ఎంత రోగమున్న మిషన్ల పెట్టినా వైరస్ ఎక్కది. స్టిక్కర్లు అయిపోతే బావ నల్ల గమ్ముకాగితం చిన్న ముక్క కత్తిరించి, నాలుకతోని తడిపి అంటిస్తడు. గంతే."

ఆదివారం మల్లికార్జున్ గడప దాటగానే ఆ ఎంగిలి కాగితాన్ని గీకేసిన బొటనవేలి గోరును, శకుంతల మెల్లగా కొంగులోకి ముడుచుకుంది.