పట్టు తప్పిన ఉక్కుతాడు

“ఇక్కడే విప్పాలా?” చెన్నకేశవరావు మళ్ళీ అడిగాడు.

“ఈడ కాకపోతే యాడ విప్పేది సార్?” రుద్రేశ్ నవ్వాడు. “మీరు ఫోన్‌లో చెప్పినట్ల ఊరికే సీల్ మార్చల్లన్నా, విప్పకుండా మార్చేకి అయితాదా?”

బళ్ళారిలో గనుల యంత్రాలకు హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేసే షెడ్డు రుద్రేశ్‌ది. మనిషెత్తు సిలిండర్లు మట్టికొట్టుకుని చుట్టూ పడి ఉన్నాయి. వాటి నడుమ, బల్ల మీద, మూరెడు పొడుగున్న సిలిండరొకటి వెండిగిన్నెలా మెరుస్తోంది.

అది తెరచాప పడవది. స్తంభాన్ని వెనక నుంచి లాగిపట్టే ఉక్కుతాడును బిగించేది అదే. పిడి కొట్టేకొద్దీ లోపల ఆయిల్ ఒత్తిడి పెరుగుతుంది, రాడ్ లోనికి పోతుంది, తాడు బిగుస్తుంది. గత ఆదివారం తుంగభద్ర జలాశయంలో, పందెం నడుమ, ఆ ఆయిల్ కారిపోయింది. తాడు వదులైంది. స్తంభం ముందుకు వాలింది. తెరచాప గోనెసంచిలా వేలాడింది. కార్వార్ నుంచి వచ్చిన జట్టు చేతులూపుతూ పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి చెన్నకేశవరావు ఎవరి ముఖమూ సూటిగా చూడలేదు. ఆయన భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకుడు. గాంధీనగర్‌లో పుస్తకాలతో ఒంటరిగా ఉంటాడు. పడవల సంఘాన్ని స్థాపించినవాడు ఆయనే గనుక, ఓటమి ఆయనను కుంగదీసిందని అందరూ అనుకున్నారు. కార్తీకం వచ్చినా తగ్గని ఎండలో, మణికట్టు దగ్గర గుండీలు పెట్టిన పొడుగుచేతుల చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

తప్పు ఎవరిదని తేలితే వారు మళ్ళీ గట్టుకు రాకూడదని సంఘం ముందే తీర్మానించింది. పడవ బాగోగులు చూసే హులిగప్ప అందుకే గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. పందెంలో పడవ నడిపిన ప్రతిభ బల్లకు ఆనుకుని చూస్తోంది.

రుద్రేశ్ సిలిండరు మూత తిప్పి, రాడ్‌ను మెల్లగా బయటికి లాగాడు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్ అంచు చీలి ఉంది. చీలికలో ఏదో ఇరుక్కుంది. పట్టకారుతో పట్టి లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది. ఆయిల్లో నానిన నల్లదారం, నడుమ గట్టి ముడి.

“అరెరె, దిష్టిదారం! రాడ్‌కు కట్టినారు. బిగించేతప్పుడు రాడ్‌తో పాటు లోపలికి పోయి సీల్‌ను కోసేసినాది.” రుద్రేశ్ గడప వైపు తిరిగాడు. “ఏమప్పా హులిగప్పా, నీ మోపెడ్‌కు నిమ్మకాయ, మిరపకాయలు చాలకపోయెనా? పడవకూ దిష్టి తీస్తాండావా?”

షెడ్డులో పనివాళ్ళు పగలబడి నవ్వారు. ప్రతిభ నవ్వలేదు.

“పడవ మీద కొబ్బరికాయ వద్దు, దారం వద్దని సార్ మొదటిరోజే చెప్పిరి. ఆయుధపూజ నాడు కూడా పసుపు తాకనీలేదు. నీకు చెవికెక్కలేదా?”

“నేను కట్టలేదమ్మా.” హులిగప్ప చేతులు జోడించాడు. “హులిగెమ్మ తల్లి మీద ఒట్టు. నా పేరే ఆయమ్మది. ఆయమ్మ మీద ఒట్టేసి అబద్ధం చెప్తానా?”

“నువ్వు కాకపోతే ఎవరు? చేపలొచ్చి కట్టిపాయెనా? పందెం ముందునాడు సార్ దేశనూరు పొలం నుంచి నేరుగా వచ్చి పడవంతా చూసుకునిరి. సార్, అప్పుడు దారం ఉండెనా?”

చెన్నకేశవరావు ఆ ముడినే చూస్తున్నాడు.

“లేదు,” అన్నాడు. “నేను వచ్చినప్పుడు లేదు.”

“వింటివా? ఆ తర్వాత రాత్రంతా కాపలా పడుకునింది నువ్వే.”

హులిగప్ప బల్ల దగ్గరికి వచ్చాడు. జేబులోంచి పడవల కొట్టం తాళంచెవి తీసి, మెరిసే సిలిండరు పక్కన పెట్టాడు.

చెన్నకేశవరావు ఆ తాళంచెవిని అతని వైపుకే జరిపాడు.

“తీసుకో. సంఘంతో నేను మాట్లాడతాను. ఈసారికి వదిలేద్దాం.”

“ఇంత నవ్వులపాలు చేసినోణ్ణి ఊరికే వదిలేస్తారా సార్?” ప్రతిభ నిర్ఘాంతపోయింది.

“గెలవాలనే ఆశ ఎవరికైనా ఉంటుందమ్మా. భయం కూడా.”

“మీది దొడ్డ మనసు సార్,” అన్నాడు రుద్రేశ్. ఈసారి అతని గొంతులో ఎగతాళి లేదు.

హులిగప్ప వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. “కట్టకపోయినా నేనే కట్టినాననుకోండి సార్. పని నిలబెట్టితిరి, నాకంతే చాలు.”

నిప్పు తొక్కినట్టు చెన్నకేశవరావు వెనక్కు గెంతాడు. “వద్దు! నా కాళ్ళు ముట్టుకోకు.”

మొక్కులు కూడా సహించని ఆయన నిరాడంబరతను పనివాళ్ళు తమలో తాము మెచ్చుకున్నారు.

రుద్రేశ్ రాడ్‌ను తుడిచి, వేలితో తడిమి, కొత్త సీల్ తొడిగాడు. ఆయిల్ నింపి పిడి కొట్టాడు. మీటరులో ముల్లు పైకి ఎక్కి, ఎక్కినచోటే నిలబడింది. రాడ్ పొడిగా ఉంది.

“ఇంక కారదు. ఎవరూ ఏ దారమూ కట్టకుండా చూసుకోండి, అంతే,” అంటూ నల్లదారాన్ని చెత్తబుట్టలోకి విసిరాడు.

హులిగప్ప సిలిండరును పసిబిడ్డలా గుడ్డలో చుట్టి, సార్ కారులో పెట్టి, కారు మలుపు తిరిగే దాకా చేతులు జోడించే నిలబడ్డాడు.

గాంధీనగర్ ఇల్లు చేరి, లోపల గడియ పెట్టుకుని, తడిసిన చొక్కా విప్పి, చెన్నకేశవరావు తన కుడి జబ్బకున్న నల్లదారం కిందికి కత్తెర పోనిచ్చాడు. దేశనూరులో మంత్రించి ఇచ్చిన దారంలో, పడవకు కట్టగా మిగిలిన ముక్క అది.