మాస్టర్ చెప్పేదాకా మూత తియ్యొద్దు

“నేను చెప్పేదాకా ఎవరన్న మూత ముట్టిన్రంటే, అటుకెల్లి అటే ఇంటికి పోవుడే!”

మొగులయ్య మాస్టర్ ఈ మాట రోజూ అంటాడు. ఇవాళ మాత్రం మనస్విని వైపే చూసి అన్నాడు. మధ్యాహ్నం నాంపల్లిలో పెళ్లి విందు. ఆబిడ్స్ సందులోని ఈ కేటరింగ్ కిచెన్‌లో రెండు పెద్ద డేగిసాల బిర్యానీ దమ్ముకెక్కింది. మూతల చుట్టూ పిండి మెత్తి సీలు వేసేశారు.

మనస్విని బీటెక్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, వంట నేర్చుకుంటానని ఇంట్లో పోట్లాడి మరీ ఇక్కడ చేరింది. నెల రోజుల ట్రయల్ ఇవాళ్టితో ఆఖరు. మాస్టర్ పొమ్మంటే, బాబాయి ఆఫీసులో హెడ్‌సెట్ తగిలించుకుని “మీ కాల్ మాకెంతో ముఖ్యం” అని జనాలకి అబద్ధాలు చెప్పుకుంటూ బతకాలి. అమ్మ అప్పుడే మాట్లాడి పెట్టేసింది కూడా.

“సమ్మక్కా, నాకంటే ముందున్న అసిస్టెంట్ ఎందుకు పోయాడు?” ఉల్లిపాయలు కోస్తూ, పక్కన అల్లం ఒలుస్తున్న పాత వంటమనిషిని అడిగింది.

“బాలరాజా? మస్తు మంచోడు. మాస్టర్ గీసిన గీత దాటకపోతుండె.”

“మరి?”

“ఒకపారి అన్నం మాడింది. మూత తియ్యొద్దన్నది మాస్టరే. గందుకే వాసనొచ్చినా ముట్టకుంట నిలవడ్డడు పాపం. పొద్దుగూకినంక మాస్టర్ ఎల్లగొట్టిండు.”

“చెప్పిన మాట విన్నందుకా? ఇదేం లాజిక్?”

“గవన్ని నాకేమెర్క? పెద్దోళ్లేమంటె ఔ అనుకుంట పోవాలె, గంతే.”

మాస్టర్‌కి ఇలాంటి తిక్కలు చాలానే ఉన్నాయి. బేగం బజార్ నుంచి మసాలా రాగానే మనస్వినిని పిలిచి కళ్లు మూసుకోమంటాడు. పొట్లం ముక్కు కింద పెట్టి, “కొత్తదా, పాతదా? చెప్పు” అంటాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో కూడా ఆమెకి ఇంత చెమట పట్టలేదు. జవాబు తప్పో ఒప్పో ఆయన చెప్పడు. కాకపోతే ఆమె ‘పాతది’ అన్న పొట్లం మర్నాటికి వాపసు పోతుంది. అంటే పాసైనట్టే అనుకునేది మనస్విని.

ఇక ఆయన ఏకాగ్రత గురించి చెప్పక్కర్లేదు. మొన్న వెనక మురుగు మోరీ పొంగి అందరూ ముక్కులు మూసుకుని పరిగెడుతుంటే, మాస్టర్ దాని పక్కనే స్టూలేసుకుని తాపీగా మిర్చి బజ్జీ తిన్నాడు.

“తపస్సంటె గది,” అంది సమ్మక్క, ముక్కు మీంచి కొంగు తియ్యకుండానే.

ఇవాళ పొయ్యిలు కొత్తవి, మంట జోరెక్కువ. మాస్టర్ ఎప్పటిలాగే చేతి గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఉన్నట్టుండి మనస్విని కత్తి ఆగింది. రెండో డేగిసా వైపు తిరిగింది.

“మాస్టర్, మాడు వాసనొస్తోంది.”

“నాకైతే వస్తలేదు.”

“సన్నగా వస్తోంది. ఇప్పుడే మొదలైంది. మంట ఆపి మూత తీద్దాం మాస్టర్.”

“దమ్ము నడుమల మూత తీస్తె ఏమైతది?”

“ఆవిరి పోతుంది. అన్నం బిరుసెక్కుతుంది.”

“ఎర్కున్నది గద! ఇంక టైం గాలే. నువ్వు పుట్టకముందుకెల్లి వండుతున్న నేను. ఎవరి మాట నడవాలె గీడ?”

సమ్మక్క వెనక నుంచి చున్నీ పట్టుకు లాగింది. “జర ఊకో బిడ్డా! మాడితె ఆయన పేరు పోతది. నీకేం ఫికర్?”

నిజమే, మాట విని ఊరుకుంటే తన తప్పేం ఉండదు. కానీ మాడిన అన్నం తినేవాళ్లు, అది ఎవరి మాట వల్ల మాడిందని అడుగుతారా? పైగా విన్న బాలరాజు పోయాడు. వినకపోతే తనూ పోతుంది. ఎలాగూ పోయేదానికి, అన్నమన్నా మిగలాలి కదా!

మంట ఆపేసింది. గరిటె కాడతో పిండి పగలగొట్టి మూత ఎత్తింది.

గరిటె అడుగుదాకా దించి తీస్తే, ఎర్రబడిన మెతుకులు వచ్చాయి. నల్లబడటానికి ఇంకెంతో సేపు పట్టదు.

“వేరే డేగిసాలోకి మార్చండి! అడుగు గోకొద్దు! తడిగుడ్డ కప్పి మళ్లీ దమ్ము పెట్టండి!”

మాస్టర్ ఉండగా తను ఆర్డర్లు వేస్తోందని, అరిచాక గానీ ఆమెకి గుర్తు రాలేదు. మాస్టర్ గడియారం చూశాడు. డేగిసా చూశాడు. ఆ పైన పక్కకి జరిగి దారిచ్చాడు.

సాయంత్రానికి కబురొచ్చింది. పెళ్లివాళ్లు బిర్యానీ అడిగి అడిగి వడ్డించుకున్నారట. మనస్విని ఏప్రాన్ మడిచి తెచ్చి మాస్టర్ చేతిలో పెట్టింది.

“గిదేంది?”

“మూత ముట్టుకున్నాను కదా.”

“రేపు పొద్దుగాల జల్ది రా. ఇగ నా పక్కకెల్లి కదలొద్దు.”

“అదేంటి మాస్టర్! మాట విన్న బాలరాజుని పంపించేశారు. వినని నన్ను ఉంచుకుంటారా?”

సమ్మక్క దూరంగా ఉందో లేదో మాస్టర్ ఒకసారి చూసుకున్నాడు. గొంతు తగ్గించి, “ఎవ్వలికి చెప్పకు బిడ్డా,” అన్నాడు.

“కరోనా వచ్చిపోయినకాడికెల్లి నాకు వాసన తెలుస్తలేదు.”