యేసన్నలాంటి ఫిడేలు

"యేసన్న కుర్చీలో ఉండల్ల. ఆయప్ప ఫిడేలు మాత్రం ఇనపడకూడదు," అన్నాడు ఇమ్మానుయేల్.

బత్తలపల్లె చర్చిలో పాటల బృందాన్ని చూసుకునే సంఘపెద్ద ఆయన. ఏం జరగాలో చెప్పాడు, ఎలా జరగాలో చెప్పలేదు. టీ తాగేసి వెళ్ళిపోయాడు. పెద్దరికం అంటే అదే కదా.

పని కృపాకుమారి నెత్తిన పడింది. క్రిస్మస్ ఆరాధన కోసం ఆమె ఒక పెద్ద సంగీతం కూరుస్తోంది. ఫిడేళ్ళు, చెల్లోలు, బాకాలు అన్నీ ఉన్న పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతి. బత్తలపల్లెలో ఆర్కెస్ట్రా ఎక్కడుంది? కృప కంప్యూటర్లో ఉంది. శాంపిల్ లైబ్రరీ అని అమ్ముతారు. ఏ దేశంలోనో పేరున్న వాద్యకారులు ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి పెట్టిన రికార్డులవి. ఇక్కడ కీబోర్డు మీద మెట్టు నొక్కితే అక్కడి ఫిడేలు పలుకుతుంది.

ఊళ్ళో నిజం ఫిడేలు ఒక్కటే, యేసన్నది. చర్చి రేకుల షెడ్డుగా ఉన్నప్పటి నుంచీ అక్కడ ఆయనే వాయిస్తున్నాడు. కృపకు ఫిడేలు కమాను పట్టడం నేర్పింది కూడా ఆయనే. ఈమధ్య వేళ్ళు వణుకుతున్నాయి. పోయిన క్రిస్మస్‌కు ఆయన వాయిస్తుంటే ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయనకు వినపడలేదని అందరూ అనుకున్నారు.

వద్దంటే ముసలాయన గుండె పగులుతుంది. సరేనంటే పాట పాడవుతుంది.

కృప ఒక ఉపాయం పన్నింది. ఆయన ఒంటరిగా వాయించే భాగాన్ని ముందే కంప్యూటర్లో చేసి పెడుతుంది. ఆయన ముందు మైకు ఉంటుంది కానీ పనిచేయదు. స్పీకర్లలో వచ్చేది కంప్యూటర్ ఫిడేలు. ఆయన తనదే అనుకుంటాడు. ఎప్పుడైనా తెలిసిపోతే ఆయన ముఖం ఎలా చూడాలి?

చిక్కల్లా లైబ్రరీ ఎంచుకోవడంలో వచ్చింది. రకానికొక ఫిడేలు, దేని గొప్ప దానిదే. ఏది కొనాలి? అడగదగ్గ మనిషి ఊళ్ళో ఒకడే ఉన్నాడు. తెగించి ఆయన్నే పిలిచింది.

"తాతా, అనంతపురంలో ఒకాయప్పకు సంగీతం చేసిస్తాండా. దాంట్లో ఒంటి ఫిడేలు ఉండాది, క్రిస్మస్‌కు నువ్వు వాయించే బాణీనే. యాది బాగుండాదో నువ్వే చెప్పల్ల."

క్రిస్మస్ నెలలో అబద్ధం. దేవుడు సర్దుకుంటాడులే అనుకుంది.

మొదటి లైబ్రరీ పెద్ద హాల్లో రికార్డు చేసింది. స్వరం ఆగినా మోత ఆగదు. యేసన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

"దీన్ని యాడ వాయిస్తారు?"

"ఒక హాల్లో తాతా. మన చర్చి మాదిరే." కృప కాస్త తడబడింది.

"అట్లయితే కింద తాడిపత్రి బండలుంటాయి, పైన కప్పుంటాది. వాటి మోత వాటికి చాలదా? ఇది వద్దు."

రెండోది తేనె. వెతికినా గరుకు దొరకదు.

"మనిషి వాయించినట్ల లేదే."

"మనిషే వాయించినాడు తాతా."

"వాయించినాక ఉతికి ఆరేసినారు."

మూడోది చవకది. కమాను తీగకు ఆనేటప్పుడు చిన్నగా గరగరమంటుంది. కొన్నవాళ్ళు ఇంటర్నెట్లో దాన్ని తిట్టిపోశారు. యేసన్న కళ్ళు తెరిచాడు.

"ఇదీ. ఇది ముసిలోని చెయ్యి."

అంతటితో వదల్లేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆడ రవ్వంత ఆలస్యంగా దిగనీ. పైకి పోయేటప్పుడు నేరుగా పోకూడదు, కింద నుంచి జారి పోవల్ల. ఆఖర్న అంతసేపు లాగద్దు, ఊపిరి చాలదు."

"ఫిడేలుకు ఊపిరేంది తాతా?"

"వాయించేటోనికి ఉంటాది కదమ్మే."

ఆయన చెప్పే కొద్దీ కృప మౌస్‌తో స్వరాలను అటూ ఇటూ జరిపింది. పొద్దువాలేసరికి కంప్యూటర్లోంచి అచ్చం యేసన్నే వినిపించాడు. చేతులు బాగున్న కాలం నాటి యేసన్న. కృపకు ఏడుపొచ్చినంత పనైంది. తన తెలివికి తనకే ముచ్చట కూడా వేసింది. పాపం, తన బదులు వాయించేదాన్ని తానే తయారు చేస్తున్నానని ముసలాయన ఎరగడు.

క్రిస్మస్ పొద్దున చర్చి కిక్కిరిసింది. యేసన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు పట్టుకుంది కృపకు కొత్త గుబులు. మైకు పనిచేయకపోతేనేం, ఫిడేలు ఫిడేలే. ముందు వరసలకు వినపడి తీరుతుంది. స్పీకర్లలో ఒక ఫిడేలు, కుర్చీలో ఒక ఫిడేలు వినిపిస్తే గుట్టు రట్టే. ఇంత చిన్న విషయం ముందే ఎందుకు తట్టలేదని తనను తాను తిట్టుకుంది.

ఆ భాగం రానే వచ్చింది. యేసన్న కమాను కదిలింది. మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క ఫిడేలే మిగిలింది. కృప చెవులు రిక్కించి వింది. ఒకటే ఫిడేలు. రెండోదాని జాడ లేదు. కమాను జారిన చోట స్వరం జారింది, కమాను ఆగిన చోట ఆగింది. స్పీకర్ల హోరులో ఆయనది కలిసిపోయి ఉంటుందిలే అనుకుని తేలికపడింది. పిల్లలెవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న ఓబులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆరాధన అయ్యాక అందరూ ఆయన చుట్టూ మూగారు.

"ఏమప్పా యేసన్నా, వయసు ఎనక్కి పోతాండాదా?" అన్నాడు ఇమ్మానుయేల్, ఏమీ ఎరగనట్టు.

"పాప బాగా రాసింది," అన్నాడు యేసన్న.

ఆయన జనంతో మాట్లాడుతుంటే కృప ఫిడేలును పెట్టెలో సర్దింది. కమానును తుడుద్దామని దాని గుర్రపు వెంట్రుకల మీద వేళ్ళు వేస్తే జిడ్డు అంటింది.

తీగ మీద ఎంత లాగినా చప్పుడు పుట్టకుండా, యేసన్న ఇంటి దగ్గరే వాటికి కొబ్బరినూనె బాగా పట్టించుకుని వచ్చాడు.