ఎవరూ నొక్కని లింకు

క్లాసులో ఒక్కరూ లింకు నొక్కలేదు.

ప్రభుదాస్ సార్‌కు చెమటలు పట్టాయి. మారేడ్‌పల్లిలోని ఆ డిగ్రీ కాలేజీలో ఆయన చెప్పేది కంప్యూటర్ భద్రత. దొంగ మెయిళ్లు, నకిలీ సైట్లు ఎలా ఉంటాయో ఆన్‌లైన్ ల్యాబులో పిల్లల చేతే చేయించి నేర్పాలి.

"పిల్లలకు ఒక్క ముక్కయినా వచ్చినట్టు నా కళ్లతో చూడాలి. లేకపోతే వచ్చే ఏడు ఈ కోర్సుండదు. మీకు మళ్లీ టైపింగ్ క్లాసే" అని ముందే చెప్పారు ప్రిన్సిపాల్ ప్రిసిల్లా మేడమ్. చూడ్డానికి ఇవాళే వస్తున్నారు.

పొద్దున ల్యాబు కంపెనీ నుంచి మెయిలొచ్చింది. సర్వర్ మారింది, ఈ కొత్త లింకులో లాగిన్ కండి అని. సార్ దాన్ని క్లాసు గ్రూపులో పెట్టారు.

"నొక్కండిరా!"

"నొక్కం సార్" అన్నాడు జావీద్. "తెలిసినోళ్లు పంపినా సుత నమ్మొద్దని మీరే చెప్పిన్రు గదా."

"పంపింది నేనురా!"

"మీ ఫోన్ ఎవడన్న కొట్టేసిండేమో. ఏం నమ్మకం?"

సార్ నెత్తి కొట్టుకున్నారు. "ఏడాది సంది నా పాఠానికి ఫ్యానొక్కటే తలూపింది. దొంగ లింకు తయారుచేసి ఎవరినన్న ఒకరిని పట్టున్రి అని పోయిన వారం ప్రాజెక్టిస్తే ఒక్కరు చేయలే. ఇయ్యాలనే యాదికొచ్చిందా నా పాఠం?"

వెనక బెంచీలోంచి ఆఫ్షీన్ లేచింది. "కంపెనీవాళ్లే పంపిన్రని ఎట్ల తెలుసు సార్?"

"మొదట్లనే 'ప్రైజ్ ద లార్డ్ బ్రదర్' అని రాసిన్రమ్మా. దొంగోళ్లు గట్ల రాస్తరా? విశ్వాసులు, మనోళ్లే."

"అయితే మీరే ఒకసారి లాగిన్ అయి చూపెట్టున్రి. మాకు జెర ధైర్యమొస్తది."

ధైర్యమివ్వడం గురువు ధర్మం. సార్ పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా పేరు కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు. చక్రం తిరగడం మొదలైంది.

తలుపు తోసుకుని ప్రిసిల్లా మేడమ్ వచ్చారు. "ల్యాబు ఎంతమంది చేశారండీ?"

"ఒక్కరే మేడమ్." సార్ గొంతు సవరించుకున్నారు. "నేనే. ఈ క్లాసుల చెప్పిన మాట వినేటోణ్ణి నేనొక్కణ్ణే. టైపింగ్ రూము తాళం ఇప్పియ్యున్రి, దుమ్ము దులుపుకుంట."

మేడమ్ తెర వైపు చూశారు.

అప్పుడే చక్రం ఆగి, పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి: "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, మీరిచ్చిన ప్రాజెక్టు పూర్తయింది, దొరికింది మీరే - ఇట్లు, ఆఫ్షీన్, వెనక బెంచీ."