వరద గీత

"అక్కా, దూకవే పడవలోకి!"

ఆంబ్రోస్ పడవ వీధి తలుపులోంచి నేరుగా హాల్లోకే వచ్చేసింది. సెవర్న్ నది అప్పటికే సగం మేడ మెట్లు మింగేసింది. పై మెట్టు మీద హెస్టర్ ఉలి, సుత్తి ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతోంది.

"నువ్వే పైకి రా. టీ వేడిగా ఉంది."

"నీ టీ తగలెయ్య! గోడ చూడు. అమ్మ చెక్కిన వరద గీత కూడా మునిగిపోయింది."

"అందుకే కొత్తది చెక్కాలి."

"అయితే తొందరగా చెక్కేసి తగలడు! నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని గీసేస్తే సరిపోయె."

"పెరిగే నీళ్ళకి గీత గీస్తార్రా ఎవరైనా? నది వెనక్కి తగ్గడం మొదలెట్టాకే ఉలి పట్టాలి. అమ్మ కూడా ఈ మెట్టు మీదే కాచుక్కూర్చుంది."

ఆంబ్రోస్ గోడ వైపు తిరిగాడు. ఆ గోడ మీది వరద గీతలన్నీ తమవాళ్ళు ఓడిపోయిన గుర్తులని చిన్నప్పటి నుంచీ అనుకున్నాడు. అందుకే ఇల్లు అమ్మేద్దామని ఏళ్ళ తరబడి పోరుతున్నాడు.

పడవను మెట్ల కమ్మీకి కట్టేసి, వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

టీ ఎప్పుడో చల్లారిపోయింది. సాయంత్రానికి నీళ్ళు కాస్త దిగి, వాటికి పైన గోడ మీద బొటనవేలంత వెడల్పున తడి చార తేలింది.

ఆంబ్రోస్ అడక్కుండానే ఉలి అందుకున్నాడు.

"లోతుగా చెక్కరా," అంది హెస్టర్. "నది మళ్ళీ వస్తే దానికి కనబడాలి."