మగ్గం వెనక గది

"లెయ్ శ్రుతీ. ఆడ ఈ పాపను కూర్చోనీ," అన్నాడు గోవిందప్ప.

శ్రుతికి ఒళ్ళు మండిపోయింది.

పెద్ద అంచు పట్టుచీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. బళ్ళో చేరినప్పటి నుంచీ నాయన పక్కన ఆ చోటు శ్రుతిదే. ఎడమచేత్తో ఆమె దారపు నాడె విసిరితే, "నా పుర్రచేతి బంగారు!" అని మురిసిపోయేవాడు గోవిందప్ప. ఇప్పుడక్కడ తనకల్లు నుంచి కూలికొచ్చిన నాగజ్యోతి కూర్చుంది!

"ఇంటరు పరీక్షలు నెత్తిమీదికొచ్చినాయి. నువ్వు పోయి చదువుకో," అన్నాడు నాయన.

ఎక్కడ చదవాలట? ఉన్న ఒక్క పడకగదీ ఆమెకే ఇచ్చేశాడాయె! హాల్లో ఒకపక్క టీవీ, ఒకపక్క మగ్గం మోత.

చాలదన్నట్టు ఆ మహాతల్లి గది సర్దడం మొదలుపెట్టింది. మంచం గోడవారకు జరిపింది. పాత బల్ల తుడిచి కిటికీ కింద వేసింది. ధర్మవరం బజారుకెళ్ళి టేబుల్ లైటొకటి కొనుక్కొచ్చి మరీ పెట్టింది.

"లైటు ఎడమపక్కన పెట్టాల కదమ్మా? లేకుంటే రాసే చేయి నీడ పడుతుంది," అన్నాడు గోవిందప్ప.

"కుడిపక్కనే ఉండనీ మామా," అంటూ నవ్వింది నాగజ్యోతి.

మామంట, మామ! ఏకై వచ్చి మేకై కూర్చుంది.

"శ్రుతీ, ఒకతూరి వచ్చి ఈ కుర్చీ ఎత్తు సరిపోతాదేమో చూడు పాపా," అని పిలిచింది కూడా.

"నీ కుర్చీ నువ్వే చూసుకో! మా నాయన పక్కనా నువ్వే, మా గదిలోనూ నువ్వే. నాకేం మిగిల్చినావు? నీకు ఊరూ ఇల్లూ లేవా?"

నాగజ్యోతి కుర్చీని బల్ల కిందికి జరిపి బయటికి నడిచింది. తెల్లారి చూస్తే మనిషీ లేదు, సంచీ లేదు.

ఫోను చేసి మాట్లాడిన గోవిందప్ప తల పట్టుకున్నాడు.

"ఆ పిల్లను ఏమన్నావు మేయ్? హిందూపురంలో ఇంకో మగ్గానికి కుదురుకునిందంట. ఇంక రాదు. చీర ఈ వారంలో ఇయ్యాల. మళ్ళా నువ్వే వచ్చి కూర్చో."

శ్రుతికి పండగే. నాయన పక్కన చోటూ దక్కింది, గదీ దక్కింది. పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు!

ఆ రాత్రి మగ్గం దిగాక లెక్కల పుస్తకం పట్టుకుని దర్జాగా బల్ల ముందు కూర్చుంది. కుర్చీ సరిగ్గా సరిపోయింది. లైటు వేసి పెన్ను అందుకుంది.

కాగితం మీద చేతి నీడ పడలేదు.

ఆ ఇంట్లో పుర్రచేతి వాటం ఉన్నది ఒక్క శ్రుతికే.