తలలు లాక్కున్న తాబేళ్ల సభ

ఒక చెరువుకు రెండు సభలుండేవి. నీళ్లలో కప్పల సభ. చెరువులోని జీవులన్నీ ఓటేసి కప్పలను ఎన్నుకునేవి. ఎండాకాలం రాగానే ఆ సభ రద్దయ్యేది, కప్పలు మళ్లీ ఓట్లు అడుక్కోవాల్సిందే. బండ మీద తాబేళ్ల సభ. వాటిని ఒక్కో గట్టు పెద్దలు ఎంచి పంపేవారు. పాతవి కొన్ని దిగితే కొత్తవి ఎక్కేవి గాని, ఆ సభ ఎన్నడూ రద్దయ్యేది కాదు. కప్పలు తొందరపడి చేసిన తీర్మానాన్ని తాబేళ్లు నిదానంగా చూసి, తప్పుంటే తిప్పి పంపాలి. తల లోపలికి లాక్కుంటే మాత్రం ఒప్పుకున్నట్టే.

అవతలి పల్లంలో ఇంకో చెరువు చేసుకుందామని కప్పలు ఒకనాడు గట్టుకు గండి కొట్టే తీర్మానం చేశాయి. బండ చుట్టూ మూగి చెవులు చిల్లులు పడేలా బెకబెకమన్నాయి. తాబేళ్లు హడలిపోయి తలలు లాక్కున్నాయి.

"ఒప్పుకున్నారు!" అన్నాయి కప్పలు.

గండి పడింది. నీళ్లన్నీ పోయి పల్లంలో ఇంకిపోయాయి. తుంగలో ఉన్న నీటికోడి గూటికి చుట్టూ నీళ్లు లేక, గుడ్లు నక్కపాలయ్యాయి.

నీటికోడి బండెక్కి ముసలి తాబేలు డిప్పను ముక్కుతో టకటకా పొడిచింది. "బయటికి రావయ్యా పెద్దమనిషీ!"

"అన్ని అరుపుల మధ్య మేమేం చేస్తామమ్మా?" అంది తాబేలు లోపల్నుంచే.

"కప్పలకు వచ్చే ఎండాకాలం మేమే బుద్ధి చెప్తాం. మిమ్మల్ని దించే వీలు మాకు లేదు. ఎందుకు లేదో తెలుసా? ఎవరి అరుపులకూ మీరు బెదరకూడదని! అంత గట్టి పీట వేసి కూర్చోబెడితే, దానిమీద కూర్చుని దాక్కుంటారా?"